ఓడిపోవడం, దెబ్బతినడం, మునిగిపోవడం: మూడూ ఒకటేనా?

కొత్తపేట_కొట్టు · శుక్రవారం రాత్రి 9:40

ఇది పార్టీల గొడవ కాదు, ముందే చెబుతున్నా.

మాది బట్టల కొట్టు. నాన్న పెట్టింది, 31 ఏళ్లు నడిచింది. పోయిన నెల షట్టరు దించేశాం. అప్పులవాళ్లు వచ్చి వరండాలో కూర్చున్న రోజు కూడా నాన్న నోటి నుంచి "ఓడిపోయాను" అన్న మాట రాలేదు. "దెబ్బతిన్నాం" అన్నాడు. చుట్టాలేమో "మునిగిపోయార్ట పాపం" అనుకున్నారు. ఆ సాయంత్రమే టీవీలో ఏదో మ్యాచ్ గురించి "ఘోర పరాజయం" అని ఎర్రక్షరాలు పరిగెడుతున్నాయి. నాన్న అటు చూసి, "వీళ్లకేంరా, ఆదివారం ఇంకోటి ఆడతారు" అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను వదలడం లేదు. ఆటలో ఓడినవాడు, ఎన్నికల్లో ఓడినవాడు, వ్యాపారంలో పోయినవాడు, ఈ ముగ్గురికీ జరిగేది ఒకటేనా? మీకు తెలిసినవి రాయండి. ఓదార్పులు మాత్రం వద్దు, ఇప్పటికే బోలెడు వచ్చిపడ్డాయి.

---

పాత_స్కోరర్ · 9:58

మీ నాన్నగారిది సరైన మాట. 2023 నవంబరు 19 గుర్తుందిగా, అహ్మదాబాద్, ఆస్ట్రేలియాతో వన్డే ప్రపంచకప్ ఫైనల్. వరసగా పది గెలిచి వచ్చాం. 240కి ఆలౌట్. వాళ్ల ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు, ఇంకా ఏడు ఓవర్లు ఉండగానే కప్పు వాళ్లది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు (మా ఆవిడ తినేసి పడుకుంది, ఆవిడకి బుద్ధి ఎక్కువ).

ఇందులో తమాషా ఏంటంటే, ఆస్ట్రేలియా ఆ టోర్నీలో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. మనం ఓడింది ఒక్కటే. రెండు ఓడినవాడు విజేత, ఒకటి ఓడినవాడు పరాజితుడు. ఎన్ని ఓడామన్నది కాదు, ఏ తారీఖున ఓడామన్నదే లెక్క. అయితే ఏడు నెలలు తిరిగేసరికి బార్బడోస్‌లో టీ20 కప్పు మనకే వచ్చింది, ఏడు పరుగుల తేడాతో. బట్టల కొట్టుకి ఆ ఏడు నెలలు ఎవడిస్తాడు?

---

ఆప్షన్_అప్పారావు · 10:11

స్కోరర్ బాబాయ్, మేం షేర్ మార్కెట్ ఆప్షన్లు ఆడేవాళ్లం, మాకు వారం వారం ఎక్స్‌పైరీ. అంటే వారానికోసారి పందెం తేలే రోజు, వారానికో ఫైనల్. అన్నీ ఓడటమే 😂

---

మల్లన్నగుట్ట · 10:34

మా వదినె ముచ్చట చెప్త. సర్పంచ్‌కి నిలబడ్డది. మా ఊరు చిన్నది, అందరు ఎరుకైనోళ్లే. లెక్కవెడితే ఇద్దరికీ సమానం ఓట్లు. మల్ల లెక్కవెట్టిండ్రు, మల్ల గంతే. ఇగ రూలు ప్రకారం చిట్టీలేసి తీసిండ్రు. అవుతలామె పేరొచ్చింది.

గిప్పుడు చెప్పుండ్రి, మా వదినె ఓడిందా? ఊర్ల సగం మంది ఆమెకే ఏసిండ్రు. ఓడగొట్టింది మనుషులు గాదు, కాయితం ముక్క. మా అన్న నెల దినాలు చాయ్ హోటల్ దిక్కు పోలే. మా వదినె మాత్రం తెల్లారి పొద్దుగాలనే నాటుకు పోయింది. "కైకిలోళ్లను పిలిచిన, వాళ్లు ఊకుంటరా" అన్నది.

---

పాత_స్కోరర్ · 10:41

మల్లన్నా, మీ వదిన న్యూజిలాండ్ జట్టు! 2019 లార్డ్స్ ప్రపంచకప్ ఫైనల్: ఇద్దరూ 241. సూపర్ ఓవర్లో ఇద్దరూ 15. చివరికి బౌండరీలు లెక్కపెట్టి 26కి 17 అని ఇంగ్లండ్‌కి ఇచ్చారు. కొన్ని నెలల తర్వాత ఐసీసీ ఆ నిబంధనే తీసేసింది. కప్పు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

---

శారద_పీఈటీ · 11:05

అందరూ "ఆటలో ఇంకో మ్యాచ్ ఉంటుంది" అని తేల్చేస్తున్నారు. ఎవరికి ఉంటుందండీ? నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో కబడ్డీ నేర్పిస్తాను. జోనల్స్‌లో మా ఆడపిల్లలు ఓడి వస్తే ఇంట్లో మొదటి మాట, "ఇక చాల్లే, చదువుకో". రెండో మాట ఏంటో మీకు తెలుసు. గెలిచినంత కాలమే ఆ పిల్లకి ఆడే అనుమతి. ఓడితే పోయేది మ్యాచ్ కాదు, సాయంత్రం గ్రౌండుకొచ్చే గంటన్నర. పోయినేడు నా మంచి రైడర్ అలాగే ఆగిపోయింది. ఇప్పుడు బస్టాండులో కనిపిస్తే తల దించుకుని వెళ్తోంది, నేనేదో తిడతానన్నట్టు.

పెద్ద స్థాయిలో కూడా చూడండి. 1984 లాస్ ఏంజెలెస్, 400 మీటర్ల హర్డిల్స్. పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో నాలుగో స్థానం. ఒలింపిక్స్‌లో ఆ మెట్టు మళ్లీ ఆమెకి దొరకలేదు. అలాగే కుస్తీలో వినేశ్ ఫోగట్, 2024 పారిస్ ఒలింపిక్స్. మొదటి బౌట్లోనే జపాన్ ఒలింపిక్ ఛాంపియన్ యుయి సుసాకీ లాంటి ఆమెను పడగొట్టింది, ఆ రోజు మూడు బౌట్లూ గెలిచింది. తెల్లారి తూకంలో 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ. నిబంధన ప్రకారం ఆఖరి స్థానం. రజతం కూడా లేదు. ఒక్క బౌటూ ఓడకుండా ఆఖరున నిలిచింది. ఆమెది ఏ మాట కిందికి వస్తుంది? ఓటమా, నష్టమా?

---

ఆప్షన్_అప్పారావు · 11:09

కానీ మేడం, రెండు నెలలకే ఆమె హర్యానాలోని జులానాలో ఎమ్మెల్యేగా గెలిచింది కదా.

---

శారద_పీఈటీ · 11:16

గెలిచింది. దాంతో పారిస్ చెల్లుకు చెల్లా? కుస్తీలో పోయినదాన్ని ఓట్లతో కట్టేస్తారా? రెండు వేరు వేరు ఖాతాలు బాబూ.

---

లాయరుగారబ్బాయి · 11:48

మాది నరసరావుపేట, సివిల్ ప్రాక్టీసు. రాజకీయం గురించి కాస్త రాస్తాను, ఎవరూ భుజాలు తడుముకోవద్దు.

1984 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి. అలాంటి గాలిలో పి.వి. నరసింహారావు హన్మకొండలో చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడారు. బీజేపీకి ఆ ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద వచ్చిన రెండు సీట్లలో ఒకటి అదే. అయితే పి.వి. మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడ్డారు, అక్కడ గెలిచారు. ఏడేళ్లకు ప్రధాని. 1991లో నంద్యాల ఉప ఎన్నిక, తెలుగుదేశం పోటీ పెట్టలేదు, అయిదు లక్షలు దాటిన మెజారిటీ. ఎన్టీఆర్ 1989లో కల్వకుర్తిలో ఓడి హిందూపురంలో గెలిచారు. కేసీఆర్ 2023లో కామారెడ్డిలో ఓడి గజ్వేల్లో గెలిచారు. పవన్ కళ్యాణ్ 2019లో గాజువాక, భీమవరం రెండూ పోగొట్టుకున్నారు, 2024కి ఆయన పార్టీ నిలబడిన 21కి 21 గెలిచింది.

రెండు చోట్ల నామినేషన్ వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. అంటే పెద్ద నాయకుడికి ఓటమి మీద ముందే ఇన్సూరెన్సు ఉంది. మల్లన్న గారి వదినకి లేదు. ఆవిడకి ఒకటే ఊరు.

---

మల్లన్నగుట్ట · 11:55

అన్న మంచిగ చెప్పిండు 👏 డిపాజిట్ ముచ్చట గూడ చెప్పరాదె.

---

లాయరుగారబ్బాయి · రాత్రి 12:04

పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతు. అసెంబ్లీకి పదివేలు, లోక్‌సభకి 25 వేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకి అందులో సగం. ఓటమికి సర్కారు కట్టిన రేటు అది. అసలు ఖర్చు దానికి వెయ్యింతలని అందరికీ తెలుసు.

ఇంకోటి. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకీ 39 శాతమే, 11 సీట్లు. రెండుసార్లూ పేపర్లు రాసింది "తుడిచిపెట్టుకుపోయింది" అనే. పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీ తుడిచిపెట్టుకుపోవడం ఏమిటి? సీట్లలో ఓడటం వేరు, జనంలో ఓడటం వేరు. రెంటికీ ఒకటే మాట వాడేసి మనల్ని మనమే మభ్యపెట్టుకుంటున్నాం.

---

నిర్వాహకులు · శనివారం ఉదయం 7:30

రాత్రి వచ్చిన మూడు పోస్టులు తీసేశాం. ఎవరి పార్టీ ఎన్నిసార్లు ఓడిందో తేల్చుకోవాలంటే దానికి వేరే చర్చ ఉంది. ఇక్కడ కొట్టుకోకండి.

---

మిర్చియార్డు · ఉదయం 8:15

నేను రాత్రంతా చదువుతూ ఊరుకున్నా. మాది ప్రత్తిపాడు పక్క పల్లె, మానాన్న కౌలుకి మిరప వేస్తాడు.

అన్నలూ, మీరు చెప్పేవాటన్నిట్లో ఎదుటివాడు ఉన్నాడు. హెడ్ ఉన్నాడు, జంగారెడ్డి ఉన్నాడు, ఆఖరికి చిట్టీ తీసిన చెయ్యైనా ఉంది. మాకెవడు? ఎకరానికి కౌలు ముందే కట్టాలి, పంట ఎట్టా పండినా సరే. తర్వాత నారు, మందులు, కోత కూలి. నల్లి వస్తే ఇంకో ఆరు స్ప్రేలు. ఇదంతా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందే. రెండ్రూపాయలంటే తేలిగ్గా వినపడుద్ది, ఏడాదికి 24 శాతం. అందరం బాగా పండించామా, రేటు పడిద్ది. పక్కోడిది పోయి మాది నిలబడితే రేటు ఉంటది. అంటే పక్కోడు పోతేనే నేను గెలుస్తా. వాడు మా బాబాయే.

రేటు పడ్డప్పుడు టిక్కీలు (మిర్చి బస్తాలు) తీసుకుపోయి కోల్డ్ స్టోరేజీలో పెడతాం. పెరిగిద్దేమో అని. స్టోరేజీ అద్దె ఎక్కుతా ఉంటది, వడ్డీ ఎక్కుతా ఉంటది, కాయ రంగు తగ్గుతా ఉంటది. ఆరు నెలలు "ఇంకా ఓడలేదు" అనుకుంటా కూర్చుంటాం. ఏ రోజు ఓడామో కూడా మాకు తెలీదు. మ్యాచ్‌కి ఉన్నట్టు ఆఖరి బంతి లేదు మాకు.

తుపాను వస్తే పరిహారం రాస్తారు. రాసేది ఎవరి పేరున? పాస్‌బుక్కు ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరున. కౌలు కార్డు ఇవ్వాలంటే ఆసామి సంతకం పెట్టాలి, ఆయన పెట్టడు, భూమి ఎక్కడ పోద్దో అని ఆయన భయం. అందుకని పంట పోయింది మాకు, కాయితంలో నష్టపోయింది ఆయన. నష్టపోవడం కూడా మా పేరున లేదు.

---

పాత_స్కోరర్ · 8:32

తమ్ముడూ, ఆఖరి ముక్క చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

---

లాయరుగారబ్బాయి · 8:50

ఎదుటివాడు లేడన్నావు. ఒక చోట రైతులు ఆ ఎదుటివాడెవడో తేల్చుకుందామనే చూశారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమలో పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టారు. మద్దతు ధర పెట్టుబడికి చాలడం లేదు, కూలీలు దొరకడం లేదు, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, ఇక మేం ఆడం అన్నారు. ఢిల్లీ నుంచి కూడా వచ్చి విచారించి వెళ్లారు. వేస్తే ఇంత పోతుందని లెక్క వేసుకుని వేయడం మానేసినవాళ్లు వాళ్లు. దాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు.

---

మిర్చియార్డు · 9:02

వాళ్లది సొంత భూమి ఉన్నోళ్ల మాట అన్నా, చాలామందిది. కౌలోడు విరామం ప్రకటిస్తే ఆ చేను ఇంకో కౌలోడు తీసుకుంటాడు. అంతే.

---

ఆప్షన్_అప్పారావు · 10:20

నవ్వులాట పక్కన పెట్టి ఒకటి చెబుతా, ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు.

షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తీసింది. మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన కోటి మంది పైచిలుకు మామూలు జనంలో 93 శాతం పోగొట్టుకున్నవాళ్లే. మనిషికి సగటున రెండు లక్షలు. అంతా కలిపితే లక్షా ఎనభై వేల కోట్లు దాటింది. అందులో నేనున్నా. నావి సగటుకి చాలా ఎక్కువే.

మిర్చి తమ్ముడికి ఎదుటోడు లేడు, నాకు ఉన్నాడు, కానీ కనపడడు. ఎక్కడో ముంబైలోనో ఇంకెక్కడో మిషను. నాకు ఓడినట్టే అనిపించేది కాదు, అదే దరిద్రం. స్క్రీన్ మీద ఎర్రంకె కనపడితే "ఇది ఇంకా నష్టం కాదు, అమ్మితేనే నష్టం" అనుకునేవాణ్ణి. వాళ్లావిడ గాజులు కుదువపెట్టిన మనిషి కూడా మా గ్రూపులో ఇదే మాట అనేవాడు. మరీ ఘోరం ఏంటంటే, మొదటి నెల గెలిచాను. మొదటి నెల ఓడుంటే బాగుపడేవాణ్ణి.

---

నిఘంటువు_నాగన్న · 10:47

అప్పారావు గారు "ఆడిన" అన్నారు, "పెట్టుబడి పెట్టిన" అనలేదు. ఆ మాట దగ్గర ఆగాను.

తెలుగులో "ఓడు" అన్న మాటకి మామూలుగా మనిషే ఓడతాడు: మ్యాచ్ ఓడాడు, కేసు ఓడాడు, ఎన్నికల్లో ఓడాడు. డబ్బుకైతే "పోయింది", "నష్టపోయాడు" అంటాం. రెండూ కలిసేది జూదంలోనే. "పేకాటలో పదివేలు ఓడాడు" అంటాం. "బట్టల కొట్టులో పదివేలు ఓడాడు" అని ఎవరూ అనరు. ధర్మరాజు రాజ్యాన్ని ఓడాడు, తమ్ముళ్లను ఓడాడు, తనను తాను ఓడాడు, ఆ తర్వాత భార్యను. సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న కూడా ఈ ఒక్క క్రియ మీదే: ముందు ఓడింది తననా, నన్నా? తననే ముందు ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిది? అది అచ్చంగా లాయరు ప్రశ్న. ఆ సభలో భీష్ముడి దగ్గర కూడా జవాబు లేదు.

కాబట్టి మొదట పోస్టు పెట్టిన అబ్బాయికి నా మాట: మీ నాన్న "ఓడిపోయాను" అనకపోవడం అహంకారం కాదు. ఆయన జూదం ఆడలేదు, కొట్టు నడిపాడు. ఆ తేడా ఆయన భాషలో ఉంది.

---

డల్లాస్_ఆవకాయ · 11:30 (మీకు పగలు, మాకు అర్ధరాత్రి)

నాగన్న గారూ, మా దగ్గర దీనికి "ప్రాజెక్టు అయిపోయింది" అనే పేరు. నాకు ఉద్యోగం పోయినప్పుడు హెచ్1బి వీసా మీద 60 రోజులు గడువు. ఆలోగా ఇంకో కంపెనీ, లేదా ఇంకో వీసా, లేదా పెట్టెలు. అమ్మకి మూడు వారాల దాకా చెప్పలేదు. రోజూ వీడియో కాల్‌కి ఆఫీసు చొక్కా వేసుకునేవాణ్ణి. 51వ రోజు దొరికింది, జీతం తక్కువే. "గెలిచావు" అన్నారు ఫ్రెండ్సంతా. నాతోపాటు తీసేసిన ఇంకో అబ్బాయి, నాకన్నా బాగా పనిచేసేవాడు, 60వ రోజు ఫ్లైటెక్కాడు. మా ఇద్దరిలో ఓడింది ఎవరో చెప్పమంటే నేను చెప్పలేను.

---

పాత_స్కోరర్ · మధ్యాహ్నం 12:15

ఆట, డబ్బు రెండూ కలిసిన కథ మన హైదరాబాదుదే ఒకటుంది. డెక్కన్ ఛార్జర్స్. 2008 మొదటి ఐపీఎల్‌లో 14 ఆడి రెండే గెలిచారు, అట్టడుగు. మేం స్టేడియంలో మాలో మేమే నవ్వుకునేవాళ్లం. మరుసటేడు గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్షిణాఫ్రికాలో ఫైనల్, బెంగళూరు మీద ఆరు పరుగులతో కప్పు. అట్టడుగు నుంచి ఏడాదిలో పైకి. పిల్లలకి చెప్పడానికి ఎంత బాగుంటుంది! పాఠ్యపుస్తకంలో పెట్టేయొచ్చు.

కానీ కథ అక్కడ ఆగదు. యజమానులు అప్పుల్లో పడ్డారు, 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఆ జట్టునే రద్దు చేసింది. మైదానంలో ఓడితే ఏడాదిలో తేరుకున్నారు, బ్యాంకుల దగ్గర దెబ్బతింటే జట్టే లేకుండా పోయింది. 2020లో మధ్యవర్తి ఆ యాజమాన్యానికి బోర్డు 4,800 కోట్లకు పైగా ఇవ్వాలని తీర్పిచ్చాడు, మరుసటేడు బొంబాయి హైకోర్టు కొట్టేసింది. కప్పు గెలిచిన జట్టు జెర్సీ నా బీరువాలో ఉంది, ఆ జట్టు మాత్రం లేదు. సన్‌రైజర్స్‌కి కూడా చప్పట్లు కొడతాను, కానీ 2024 ఫైనల్లో 113కి కుప్పకూలినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. నా ఓటమి కోటా అయిపోయిందేమో.

---

కొత్తపేట_కొట్టు · సాయంత్రం 4:05

అందరికీ దండాలు. ఒక్కటి మాత్రం అడగాలి, లాయరు గారినే. అందరూ "ఐపీ పెట్టేయండి" అంటున్నారు, అంటే దివాలా పిటిషను. నాన్న ససేమిరా. "ఐపీ పెట్టినోడి కొడుకు అని నిన్నంటారు" అంటాడు. బజారులో ఆ మాట తిట్టు కిందే లెక్క. అసలు అందులో ఏముంటుంది?

---

లాయరుగారబ్బాయి · 4:40

పూర్తిగా ఇక్కడ రాయలేను, కానీ భయాలు కొన్ని తీరుస్తాను. మన దగ్గర "ఐపీ" అనేది 1920 నాటి చట్టం కింద వేసే పిటిషను. కొత్త దివాలా కోడ్ 2016లో వచ్చింది గానీ, వ్యక్తులకి సంబంధించిన భాగం అందరికీ ఇంకా అమల్లోకి రాలేదు, కంపెనీల అప్పుకి హామీ సంతకం పెట్టినవాళ్లకే. అందుకే నూరేళ్ల నాటి చట్టమే గతి. ఎంత పాతదంటే, బాకీ 500 రూపాయలకు చేరితే చాలు, పిటిషను వేసుకోవచ్చు అని ఉంటుంది.

కోర్టు ఒప్పుకుంటే ఆస్తులు కోర్టు పెట్టిన రిసీవరు చేతికి పోతాయి, అప్పులవాళ్లకి దామాషాలో పంచుతారు. కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతిపని వాళ్ల పనిముట్లు ముట్టరు. ఆ తర్వాత కోర్టు విముక్తి ఇస్తే చాలావరకు పాత బాకీలు పోతాయి, మోసంతో చేసినవి పోవు. ఆస్తి ముందే బావమరిది పేరున రాసి ఐపీ పెట్టేవాళ్ల వల్ల ఆ మాట తిట్టయింది. మీ నాన్నగారు అలా చేయలేదు కదా.

ఒక విడ్డూరం చెబుతాను. కోర్టు దివాలాదారుగా ప్రకటించి ఇంకా విముక్తి ఇవ్వనివాడు ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ కాకూడదు, రాజ్యాంగంలోనే ఉంది, 102, 191 అధికరణాలు. ఎన్నికల్లో పదిసార్లు ఓడినవాడు పదకొండోసారి నిలబడొచ్చు. అప్పులో మునిగినవాణ్ణి మాత్రం పోటీకే రానివ్వరు. రెండూ ఒకటేనా అని కదా మీరు అడిగింది. రాజ్యాంగం రాసినవాళ్లు కాదనే అనుకున్నట్టున్నారు.

---

శారద_పీఈటీ · 5:10

ఆ లెక్కన మా రైడర్ పిల్ల నయమే, మళ్లీ పోటీకి రానివ్వరని చట్టంలో ఎక్కడా లేదు. సోమవారం వాళ్లింటికి వెళ్తాను. ఆ గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్ వీడియో తీసుకెళ్దామనుకుంటున్నా. 2017, సింధు, ఒకుహారా, 110 నిమిషాలు, మూడో గేమ్ 20-22. సింధు ఓడింది. బాసెల్‌ది వద్దు, 2019లో సింధు గెలిచింది, అది 21-7, 21-7, అందులో చూడటానికేమీ లేదు.

---

మల్లన్నగుట్ట · 5:22

మేడం, ఆళ్ల నాయినకు చూపెట్టుండ్రి, పిల్లకు గాదు.

---

కొత్తపేట_కొట్టు · ఆదివారం ఉదయం 9:15

రాత్రి నాన్నకి మొత్తం చదివి వినిపించాను. మిర్చి తమ్ముడి దగ్గర ఒకసారి ఆపమన్నాడు, మళ్లీ చదవమన్నాడు. అప్పారావు గారి దగ్గర "ఈ కుర్రాడికి పెళ్లయిందా" అని అడిగాడు. ఐపీ గురించి ఏమీ అనలేదు.

1984లో నాన్న హన్మకొండలో ఒక బట్టల కొట్టులో గుమస్తాగా ఉన్నాడట, నాకే తెలీదు. జంగారెడ్డి గెలిచిన రోజు వీధంతా మూసేశారట. ఎంత తేడాతోనో ఈ లాయరుగారు రాయలేదేం, కనుక్కో అన్నాడు.

---

లాయరుగారబ్బాయి · 9:31

54 వేల చిల్లర. నాన్నగారిని మంగళవారం మా ఆఫీసుకి తీసుకురండి. ఎవరికి ఎంత ఇవ్వాలో జాబితా తెండి, నోటుబుక్కులో రాసుకున్నదైనా పర్వాలేదు.

---

కొత్తపేట_కొట్టు · 9:40

మూడు నోటుబుక్కులున్నాయండి. ఒకటి ఆయన దాచాడు, అమ్మ వెతుకుతోంది.